సింగరేణిలో పనిచేసి రిటైరైన నాన్నతో డర్హం పాత బొగ్గు పల్లెల్లో నడవాలి: బస్సు మీద వెళ్ళదగిన తేలిక దారులు ఏవి?

ఇల్లందు ఆడపడుచు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మేము నాలుగేళ్ళుగా ఇంగ్లండ్ ఈశాన్య ప్రాంతంలోని డర్హం పట్టణంలో ఉంటున్నాము. జూన్ చివరి వారంలో మా అమ్మానాన్నలు ఇల్లందు నుంచి వచ్చి మూడు నెలలు మా దగ్గర ఉండబోతున్నారు. మా నాన్న ముప్పై నాలుగేళ్ళు సింగరేణి భూగర్భ గనుల్లో పనిచేసి, ఓవర్‌మన్‌గా, అంటే గని లోపలి పనినీ కార్మికుల భద్రతనూ చూసే అధికారిగా, రిటైరయ్యారు. ఇప్పుడు ఆయనకు అరవై ఏడేళ్ళు. ఊపిరి బాగానే ఉంది గాని మోకాళ్ళు బాగా అరిగాయి. సమంగా ఉన్న నేల మీద నాలుగైదు కిలోమీటర్లు నడవగలరు; మెట్లు ఎక్కడం కన్నా దిగడమే ఆయనకు ఎక్కువ కష్టం. అమ్మ నడకలో ఆయన కన్నా చురుకైనదే, అయితే చీరలో తప్ప బయటికి రాదు.

డర్హం ఒకప్పుడు బొగ్గు జిల్లా అని ఫోన్లో చెప్పిన నాటి నుంచి నాన్న నన్ను అడుగుతున్నది ఒక్కటే: "బాయిలు మూసేసినంక ఆ జాగలన్నీ ఏం చేసిన్రు?" ఇల్లందు చుట్టుపక్కల భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడటం కళ్ళారా చూసిన మనిషి కనుక ఆ ప్రశ్న ఆయనకు ఊసుపోక అడిగేది కాదు. ఇన్నాళ్ళుగా ఇక్కడే ఉంటూ కూడా నేను దానికి సరైన జవాబు చెప్పలేకపోయాను. కెథడ్రల్, నది ఒడ్డు, దుకాణాలు తప్ప నేను చూసింది తక్కువ.

మాకు కారు లేదు. మా వారు వారం రోజులూ పనిలో ఉంటారు కనుక నేనే వాళ్ళిద్దరినీ బస్సులో తీసుకెళ్ళాలి. డర్హం నుంచి ఒకటి రెండు బస్సులలో చేరగలిగి, నిటారు ఎక్కుడు గాని దిగుడు గాని లేకుండా, మధ్యలో కూర్చోవడానికి బల్లలు ఉండి, పచ్చదనంతో పాటు పాత గనుల ఆనవాళ్ళు కూడా కనిపించే దారులు తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పండి. పశువుల మంద గుండా వెళ్ళవలసిన పొలాల దారులైతే అమ్మ భయపడుతుంది.

టైన్ ఒడ్డు

మీ నాన్నగారి ప్రశ్నలోనే మీకు కావలసిన దారి ఉందండి. ఇక్కడ గనులు మూసిన తర్వాత బొగ్గు రైళ్ళ పట్టాలను తీసేశారు గాని, చాలాచోట్ల ఆ కట్టలను మాత్రం అలాగే ఉంచి, సన్న కంకర పరిచి, నడిచేవారికీ సైకిళ్ళవారికీ వదిలారు. బరువైన వ్యాగన్లను లాగే ఇంజను నిటారు దారి ఎక్కలేదు కనుక, అప్పటి ఇంజనీర్లు గుట్టలను తొలిచి, పల్లాలను పూడ్చి, వాగుల మీద వంతెనలు కట్టి, దారిని వీలైనంత వాలు తక్కువగా తీసుకుపోయారు. నూట యాభై ఏళ్ళ కిందట ఇంజను కోసం పడ్డ ఆ శ్రమ ఇప్పుడు మోకాళ్ళ నొప్పులవారికి అక్కరకు వస్తున్నది. పైగా ఈ ప్రాంతంలో గని ఉన్నచోట ఊరు వెలిసింది, ఆ ఊళ్ళకు ఇప్పటికీ బస్సులు తిరుగుతున్నాయి. అందుచేత ఒక ఊళ్ళో దిగి, పాత రైలు కట్ట మీద ఇంకో ఊరిదాకా నడిచి, అక్కడ బస్సెక్కి ఇంటికి రావచ్చు. బయలుదేరిన చోటికే మళ్ళీ నడిచి రావలసిన బాధ కారులో వెళ్ళేవారిది.

వీటిలో మీకు మొదట చెప్పవలసినది డర్వెంట్ వాక్. కాన్సెట్ నుంచి న్యూకాసిల్ వైపు డర్వెంట్ నది లోయ వెంబడి 1867లో వేసిన రైలు మార్గం ఇది. బొగ్గునూ, కాన్సెట్ కర్మాగారపు ఇనుమునూ మోసి, 1960ల మొదట్లో మూతపడింది. ఇప్పుడు స్వాల్‌వెల్ నుంచి కాన్సెట్ అంచున ఉన్న బ్లాక్‌హిల్ దాకా సుమారు 17 కిలోమీటర్ల నడక దారిగా మారింది. మీరు అంతా నడవనక్కరలేదు. రోలాండ్స్ గిల్ అనే ఊళ్ళో దిగి, స్వాల్‌వెల్ వైపు నడవండి. కాన్సెట్ ఎత్తున ఉంది, స్వాల్‌వెల్ టైన్ నది దగ్గర పల్లంలో ఉంది కనుక ఈ దిక్కున నడిస్తే దారి కాలికి తెలియనంత మెల్లగా కిందికి పోతుంది. మొత్తం ఆరు కిలోమీటర్ల పైచిలుకు అవుతుంది. అది ఎక్కువనిపిస్తే మధ్యలో థార్న్‌లీ అడవి దగ్గర రోడ్డు మీదికి వచ్చి బస్సెక్కవచ్చు.

రోలాండ్స్ గిల్ నుంచి అరగంట నడవకముందే తొమ్మిది కమానుల వంతెన వస్తుంది. దాని మీద తప్పక కాసేపు నిలబడండి. దాదాపు 150 మీటర్ల పొడవున్న ఆ వంతెన కింద నది, రెండు వైపులా అడవి, దూరాన చెట్ల పైనుంచి లేచిన ఒక పెద్ద రాతి స్తంభం కనిపిస్తాయి. ఆ స్తంభం గిబ్‌సైడ్ ఎస్టేటుది. పద్దెనిమిదవ శతాబ్దంలో దాన్ని కట్టించిన జార్జ్ బోస్ ఈ ప్రాంతపు బొగ్గు యజమానులలో మహా సంపన్నుడు. ఇంకొందరు యజమానులతో జట్టుకట్టి లండన్‌కు వెళ్ళే బొగ్గు వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్నవాడు. అతని వంశంలోని స్ట్రాత్‌మోర్ ప్రభువు తర్వాతి కాలంలో రైలు మార్గాన్ని తన తోట గుండా పోనివ్వలేదు. అందుకే కంపెనీ వారు నదిని దాటి పక్కకు తిరిగి ఇంత పెద్ద వంతెన కట్టవలసి వచ్చింది. బొగ్గు డబ్బుతో వేసిన తోటలోకి బొగ్గు రైలునే రానివ్వలేదన్న సంగతి మీ నాన్నగారికి తప్పక చెప్పండి; గనిలో దిగి పనిచేసినవారికి అందులోని అర్థం మనకన్నా బాగా తెలుస్తుంది.

ఆ వంతెన మీద నిలబడ్డప్పుడు ఆకాశం వైపు కూడా చూడండి. చీలిన తోక, ఎర్రని ఒళ్ళు ఉన్న పెద్ద గద్దలు తిరుగుతుంటాయి. ఈ ప్రాంతంలో అవి పూర్తిగా అంతరించిపోగా, 2004 నుంచి 2006 వరకు దక్షిణాన చిల్టర్న్ కొండల నుంచి 94 పక్షులను తెచ్చి ఈ లోయలో వదిలారు. అవి ఇక్కడే గూళ్ళు కట్టి పిల్లలను పెట్టాయి. ఈ లోయకు వచ్చే బస్సులకు కూడా ఆ గద్ద పేరే, రెడ్ కైట్ అని పెట్టారు.

డర్హం నుంచి న్యూకాసిల్‌కు ఏంజెల్ అనే పేరున్న 21 నంబరు బస్సు ఎక్కండి. అక్కడ ఎల్డన్ స్క్వేర్ బస్ స్టేషన్‌లో రెడ్ కైట్ బస్సు పట్టుకుంటే అది మెట్రోసెంటర్ మీదుగా రోలాండ్స్ గిల్ చేరుస్తుంది. వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో గేట్స్‌హెడ్ అంచున ఏంజెల్ ఆఫ్ ది నార్త్ దగ్గర దిగడం మరచిపోవద్దు. 1998లో ఆంటొనీ గోర్మ్‌లీ నిలిపిన ఆ ఉక్కు విగ్రహం 20 మీటర్ల ఎత్తు, రెక్కలు 54 మీటర్ల వెడల్పు. అది నిలబడినది ఒక పాత గని తాలూకు స్థలంలో. పని ముగించి పైకి వచ్చిన కార్మికులు స్నానం చేసిన గదులు ఉండిన చోటు అది. బస్ స్టాపు నుంచి రెండు మూడు నిమిషాల నడక మాత్రమే కనుక ప్రయాణ బడలిక తీరని మొదటి వారంలో కూడా అమ్మానాన్నలను తీసుకెళ్ళవచ్చు.

సీహం వాసి

పై సమాధానంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, కాని డర్హం బొగ్గు కథ సముద్రం దగ్గర పూర్తవుతుంది కనుక తీరాన్ని వదిలిపెట్టకండి. మీ నాన్నగారు అడిగిన ప్రశ్నకు అసలైన జవాబు నా దృష్టిలో తీరంలోనే ఉంది.

సీహం ఊరి రేవును లండన్‌డెర్రీ ప్రభువు తన గనుల బొగ్గును ఓడలకెక్కించడానికే కట్టించాడు. 1828లో దానికి శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాత ఊళ్ళో మూడు గనులు నడిచాయి, 1993 నాటికి మూడూ మూతపడ్డాయి. ఈ తీరపు గనుల్లో బొగ్గు పొరలు సముద్రం అడుగుకు కొన్ని కిలోమీటర్ల దూరం పోయేవి. కార్మికులు పని స్థలం చేరడానికే చాలా సమయం పట్టేది. బయటికి తెచ్చిన రాతి వ్యర్థాన్ని దశాబ్దాల తరబడి తిన్నగా సముద్రపు ఒడ్డునే పోశారు. ఈజింగ్‌టన్, హోర్డెన్, డాడన్ ఒడ్డులు నల్లగా, చెట్టూ చేమా లేకుండా ఉండేవి. గనులు మూసిన తర్వాత 1997 నుంచి 2002 వరకు సుమారు కోటి పౌండ్ల ఖర్చుతో 13 లక్షల టన్నుల వ్యర్థాన్ని తొలగించారు. మిగిలినదాన్ని అలలు కొట్టుకుపోతున్నాయి. ఇప్పుడు అదే ఒడ్డు పైన సున్నపురాతి నేలల్లో మాత్రమే పెరిగే పూలతో పచ్చిక బయళ్ళున్నాయి. జూలైలో వచ్చి చూస్తే ఇది ఆ నల్ల తీరమేనంటే నమ్మబుద్ధి కాదు.

నడకకు వస్తే, సీహం రేవు పైనున్న పచ్చిక మైదానంలో మొదలుపెట్టండి. అక్కడ అలసి కూర్చున్న సైనికుడి ఉక్కు విగ్రహం ఉంది. ఊరివాళ్ళు టామీ అంటారు గాని దాని అసలు పేరు 1101. మొదటి ప్రపంచ యుద్ధం పదకొండు గంటలకు ఆగింది కనుక, శాంతి మొదలైన మొదటి నిమిషం అన్న అర్థంలో శిల్పి రే లాన్స్‌డేల్ ఆ పేరు పెట్టారు. అక్కడి నుంచి ఉత్తరంగా తీరం వెంబడి చదునైన కాలిబాట ఉంది. ఒక పక్క సముద్రం, ఒక పక్క ఊరు, అడుగడుగునా బల్లలు, తినడానికి చేపలు, చిప్స్. సీహం హాల్ ఒడ్డు దాకా సుమారు ఒకటిన్నర కిలోమీటర్లు వెళ్ళి అదే దారిన తిరిగి రావచ్చు. ఒడ్డున గులకరాళ్ళ మధ్య అరిగి నునుపైన రంగు గాజు ముక్కలు దొరుకుతాయి. పందొమ్మిదవ శతాబ్దం నడుమ నుంచి 1921 వరకు ఇక్కడ పెద్ద సీసాల కర్మాగారం ఉండేది, దాని వ్యర్థపు గాజును సముద్రంలో పారబోసేవారు. మీ అమ్మగారికి ఆ గాజు ముక్కలు ఏరడం తప్పక నచ్చుతుంది, అయితే కింది ఒడ్డుకు దిగేటప్పుడు మెట్లు కాకుండా వాలు దారి ఉన్నచోటు చూసుకోండి. కవి బైరన్ 1815లో పెళ్ళాడినది ఈ సీహం హాల్‌లోనే. ఆ దంపతుల కూతురు ఏడా లవ్‌లేస్, కంప్యూటర్ ప్రోగ్రాముకు ఆద్యురాలిగా పేరుపొందినామె. మీ ఇంట్లో సాఫ్ట్‌వేర్ పనిచేసేవారు ఎవరైనా ఉంటే ఆదివారం వారినీ వెంటబెట్టుకు రండి.

ఓపిక ఉన్న మరో రోజున రేవు నుంచి దక్షిణంగా నోసెస్ పాయింట్ దాకా వెళ్ళండి. డాడన్ గని ఉండిన చోటు అదే. పైనుంచి చూస్తే బ్లాస్ట్ బీచ్ అనే ఒడ్డు మొత్తం కనిపిస్తుంది. పాత వ్యర్థపు పొర ఇంకా కొంత మిగిలి, అలల కోతకు గోడలా నిలబడి ఉంది. గని మనిషి ఆ పొరను చూడగానే రాయేదో బొగ్గేదో గుర్తుపడతారు. కిందికి మాత్రం దిగవద్దు, దారి నిటారుగా ఉంటుంది.

ఇంకొక చోటు గురించి ఆలోచించి చెబుతున్నాను. ఈజింగ్‌టన్ గని స్థలం ఇప్పుడు గడ్డి, పూల మొక్కలతో తెరపిగా ఉన్న మైదానం. దాని మిట్ట మీద, కార్మికులను గని లోపలికి దించిన లిఫ్టు లాంటి కేజ్‌ను స్మారకంగా నిలిపారు. వాలు మెల్లనిదే. 1951 మే 29 తెల్లవారుజామున, బొగ్గు కోసే యంత్రపు పళ్ళు గట్టి ఖనిజానికి తగిలి నిప్పురవ్వలు లేవగా గ్యాస్ అంటుకుంది. బొగ్గు ధూళి ఆ మంటను గని నిండా పాకించింది. 81 మంది కార్మికులు, వారిని వెతకడానికి దిగిన ఇద్దరు రక్షకులు, మొత్తం 83 మంది చనిపోయారు. మీ నాన్నగారికి గ్యాస్ పరీక్షలు, బొగ్గు ధూళి అంటుకోకుండా రాతి పొడి చల్లడం నిత్యకృత్యాలు కనుక ఆ కథ ఎలా తగులుతుందో మీకే తెలియాలి. వెళ్దామా వద్దా అన్నది ముందుగా ఆయననే అడగండి.

నిత్య ప్రయాణికుడు

దారుల గురించి పెద్దలు చెప్పారు కనుక నేను బస్సుల సంగతి మాత్రం చెబుతాను. ఇంగ్లండ్‌లో నివసించే పెన్షను వయసువారికి ఉచిత బస్సు పాసు ఉంటుంది గాని, చూడటానికి వచ్చిన తల్లిదండ్రులకు అది ఇవ్వరు. అయినా భయపడనక్కరలేదు: 2025 జనవరిలో ఒక్కో ప్రయాణానికి టికెట్టు 3 పౌండ్లు మించకుండా ప్రభుత్వం పరిమితి పెట్టింది, అప్పట్లో దూరం ఎంతైనా అంతే; ఇప్పుడు ఎంతో బయలుదేరే ముందు చూసుకోండి. మీరు రెండు మూడు బస్సులు మారే రోజున మాత్రం రోజంతటి టికెట్టు ధర ముందుగా కనుక్కోండి, చాలాసార్లు అదే చవక అవుతుంది.

బస్సు నంబర్లూ వేళలూ ఏటా మారుతుంటాయి కనుక బయలుదేరే ముందు రోజు కంపెనీ యాప్‌లో చూసుకోవడం తప్పనిసరి. పల్లె స్టాపుల్లో చెయ్యి ఎత్తితేనే బస్సు ఆగుతుంది. ఎక్కగానే డ్రైవరుకు దిగే ఊరి పేరుతో పాటు "పాత రైలు దారి దగ్గర దించండి" అని కూడా చెప్పండి. పెద్దవారు వెంట ఉన్నారని తెలిస్తే సరైన స్టాపు చూపిస్తారు, వాళ్ళు కూర్చునే దాకా ఆగుతారు. ఆదివారాలు, సాయంత్రాలు బస్సులు పలచబడతాయి. జూలైలో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుతురు ఉంటుంది కనుక ఎంతైనా నడవవచ్చుననిపిస్తుంది, కాని చివరి బస్సు వెలుతురు కోసం ఆగదు. తిరుగు బస్సు వేళను, దాని తర్వాతి బస్సు వేళను కూడా కాగితం మీద రాసుకోవడం నా అలవాటు, ఎందుకంటే ఆ లోయల్లో ఫోను సిగ్నలు కొన్నిచోట్ల అందదు.

మీ అమ్మగారి చీరకు అడ్డం లేదు, కాని చెప్పులు వద్దు. రైలు కట్టల అంచుల్లో ముట్టుకుంటే దద్దుర్లు లేచే నెటిల్ మొక్కలు ఏపుగా పెరుగుతాయి. మన దురదగొండి లాంటివే అనుకోండి. మేజోళ్ళు, బూట్లు ఉంటే చాలు. సైకిళ్ళవారు వెనుక నుంచి గంట కొడితే ఎడమకు ఒదిగి నిలబడాలి. ఆగస్టు చివర వస్తే అవే అంచుల్లో ముళ్ళ పొదలకు నల్లని బ్లాక్‌బెర్రీలు పండుతాయి, ఎవరైనా కోసుకోవచ్చు.

మోకాళ్ళు తెలిసినవాడు

మా అత్తగారిని ఇక్కడ రెండు వేసవులు తిప్పిన అనుభవంతో రెండు హెచ్చరికలు, రెండు సూచనలు చేయదలచాను.

పీటర్లీ పక్కన కాసిల్ ఈడెన్ డీన్ అనే అడవి లోయను అందరూ మెచ్చుకుంటారు, అది నిజంగా మెచ్చదగినదే. కాని డీన్ అంటేనే ఇక్కడి మాటలో వాగు కోసిన లోతైన పల్లం. దిగడం, ఎక్కడం, తడి వేర్లు, మెట్లు అన్నీ ఉన్నాయి. మీ నాన్నగారి మోకాళ్ళకు అది తగదు. అలాగే టాన్‌ఫీల్డ్ దగ్గరి కాజీ ఆర్చ్. 1725లో మొదలై మరుసటి ఏడు పూర్తయిన ఆ రాతి కమాను ప్రపంచంలో ఇప్పటికీ నిలిచి ఉన్న రైలు వంతెనలలో అతి పాతది. అప్పటికి ఇంజన్లు లేవు, కర్ర పట్టాల మీద బొగ్గు బళ్ళను గుర్రాలు లాగేవి. దాని మీదుగా నడవడం తేలికే. కాని కింది నుంచి దాన్ని చూడాలంటే లోయలోకి మెట్లు దిగాలి. మీరు దిగి ఫొటో తీసుకొచ్చి చూపించండి, ఆయనను పైనే బల్ల మీద కూర్చోబెట్టండి.

నా సూచనలలో మొదటిది హెరింగ్‌టన్ కంట్రీ పార్క్. సండర్లాండ్ నుంచి షైనీ రో వైపు వెళ్ళే బస్సులు దాని పక్కనే ఆగుతాయి. 1985లో మూసిన గని, దాని వ్యర్థపు గుట్ట ఉన్న చోటును చదును చేసి, చెరువులు తవ్వి, చెట్లు పెట్టి తీర్చిదిద్దిన పార్కు అది. సింగరేణివారు మట్టి డంపులు అంటారే, అటువంటి గుట్టను ఏం చేయవచ్చో అక్కడ కాళ్ళతో నడిచి తెలుసుకోవచ్చు. చెరువుల చుట్టూ గట్టి దారి, హంసలు, బాతులు, తగినన్ని బల్లలు ఉన్నాయి. ఎదురు గుట్ట మీద గ్రీకు గుడిలా కనిపించే పెన్షా మాన్యుమెంట్ ఇంకో బొగ్గు యజమాని, మొదటి డర్హం ప్రభువు జ్ఞాపకార్థం 1844లో కట్టడం మొదలుపెట్టినది. దాన్ని పార్కులోంచి చూస్తే చాలు, ఎక్కనక్కరలేదు.

రెండవది మీ ఇంటికి మరీ దగ్గర. డర్హం నుంచి కాన్సెట్ వెళ్ళే బస్సులో లాంచెస్టర్‌లో దిగితే, ఊరి పక్కనే 1862 నాటి రైలు కట్ట నడక దారిగా ఉంది. డర్హం వైపు తిరిగి లాంగ్లీ పార్క్ దాకా వస్తే సుమారు ఆరు కిలోమీటర్లు. పొలాల పక్క నుంచి పోతుంది గాని పశువులకూ మీకూ మధ్య కంచె ఉంటుంది. లాంగ్లీ పార్క్ పాత గని ఊరు, అక్కడ మళ్ళీ డర్హం బస్సు దొరుకుతుంది. చెప్పుకోదగ్గ పెద్ద దృశ్యమేదీ లేదు, కాని నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి అదే. వానాకాలపు చెరువుగట్టు మీద నడిచినట్టు ఉంటుంది.

ఇల్లందు ఆడపడుచు

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. అమ్మానాన్నలు వచ్చి పది రోజులైంది. మొదట ఏంజెల్ విగ్రహాన్ని చూశాము, మొన్న గురువారం రోలాండ్స్ గిల్ వెళ్ళాము. మీరు చెప్పినట్టే స్వాల్‌వెల్ వైపు నడిచి, థార్న్‌లీ దగ్గర రోడ్డు మీదికి వచ్చి బస్సెక్కాము. వాన చినుకులు పడ్డాయి గాని చెట్ల కింద ఉన్నాము కనుక పెద్దగా తడవలేదు. మోకాళ్ళ గురించి నాన్న ఒక్కసారి కూడా అనలేదు. వంతెన మీద గిబ్‌సైడ్ స్తంభపు కథ చెబితే చాలాసేపు దానివైపే చూసి, "మన దగ్గర గూడ గంతే గద బిడ్డా" అన్నారు.

ఒక్క సంగతి మాత్రం మీతో చెప్పకుండా ఉండలేకపోతున్నాను. వంతెన దాటాక బల్ల మీద ఒక పెద్దాయన కుక్కను పట్టుకుని కూర్చున్నాడు. నాన్న ఎక్కడివారని అడిగాడు. భారతదేశంలో బొగ్గు గనిలో ఓవర్‌మన్ అని నేను చెప్పగానే ఆయన లేచి నిలబడి నాన్న చెయ్యి పట్టుకున్నాడు. తాను కూడా గనిలోనే పనిచేశాడట, 1980లలో తన గని మూసేశారట. ఆ తర్వాత నా అనువాదంతో వాళ్ళకు పెద్దగా పని పడలేదు. ఓవర్‌మన్, ఇన్‌బై (గని లోపలి వైపు), ఔట్‌బై (బయటి వైపు), గోఫ్ (బొగ్గు తీసేశాక మిగిలిన ఖాళీ), బోర్డ్ అండ్ పిల్లర్ (మధ్య మధ్య బొగ్గునే స్తంభాలుగా వదిలి తవ్వే పద్ధతి): నాన్న జీవితమంతా తెలుగు మాటల్లా వాడిన ఈ మాటలన్నీ ఆ పెద్దాయన సొంత ఊరి మాటలట. లండన్ వాళ్ళకు కూడా ఇవి తెలియవు, ఇవి మా ఈశాన్యపు గనుల మాటలు అని ఆయన అన్నాడు. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో చివరికి ఆ బొగ్గు పిల్లర్లను కూడా తీసేటప్పుడు పైకప్పు చేసే చప్పుడు ఎలా ఉంటుందో ఇద్దరూ చేతులతో, నోటితో ఒకరికొకరు చేసి చూపించుకున్నారు. నేను నాన్నతో ముప్పై ఏళ్ళకు పైగా బతికి కూడా ఆ చప్పుడు గురించి మొదటిసారి విన్నాను.

ఈజింగ్‌టన్ గురించి నాన్ననే అడిగాను. తప్పకుండా వెళ్దామన్నారు, పూలు తీసుకెళ్దామని అమ్మ అంది. వచ్చే వారం వెళ్తాము. ఇంకో ప్రశ్న: ఆ పెద్దాయన వచ్చే శనివారం డర్హంలో గని కార్మికుల జాతర ఉందని, నాన్న తప్పక చూడాలని చెప్పాడు. అంత జనంలో ఆయనను ఎక్కడ కూర్చోబెట్టాలి, కెథడ్రల్‌కు కూడా తీసుకెళ్ళవచ్చా?

టైన్ ఒడ్డు

మీ ఉత్తరం మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

జాతర సంగతి: డర్హం మైనర్స్ గాలా 1871 నుంచి జరుగుతున్నది, ఏటా జూలై రెండవ శనివారం. గనులన్నీ మూతపడ్డా ఊళ్ళవాళ్ళు తమ తమ గనుల పట్టు జెండాలను మోసుకుంటూ, బ్యాండు మేళాలతో ఊరేగింపుగా వస్తారు. ప్రమాదం జరిగి ఎవరైనా చనిపోయిన సంవత్సరం ఆ గని జెండాకు నల్లగుడ్డ చుట్టి తెచ్చే ఆచారం ఉండేది. ఉదయం నుంచే రోడ్లు మూసేస్తారు, బస్సులను దారి మళ్ళిస్తారు కనుక మీరు ఇంటి నుంచి నడిచి వెళ్ళడమే మేలు. కౌంటీ హోటల్ ముందు ప్రతి బ్యాండూ ఆగి వాయిస్తుంది, అందుకని అక్కడే జనం కిక్కిరిసి ఉంటారు. మీరు అక్కడికి పోవద్దు. నది పక్కన రేస్‌కోర్సు మైదానం చదునుగా, విశాలంగా ఉంటుంది. ఊరేగింపు మొత్తం చివరికి అక్కడికే చేరుతుంది. తొమ్మిది గంటలకల్లా వెళ్ళి, ప్రవేశానికి కాస్త దూరంగా, చెట్టు నీడన మడత కుర్చీ వేసి ఆయనను కూర్చోబెడితే జెండాలన్నీ ఆయన ముందు నుంచే వెళ్తాయి.

కెథడ్రల్‌కు ఆ రోజు వద్దు. దారి ఎక్కుడు, పైగా గుండ్రాళ్ళు పరిచిన నేల. వారం మధ్యలో ఉదయం పూట తీసుకెళ్ళండి. లోపల 1947లో పెట్టిన గని కార్మికుల స్మారకం ఉంది, పక్కనే గనుల్లో ప్రాణాలు పోయినవారి పేర్లు రాసిన పుస్తకం ఉంచారు. ఈజింగ్‌టన్ వెళ్ళడానికి ముందు అది చూస్తే బాగుంటుంది.